మంచంలో డెల్మర్ వైపు

పిల్లలూ, కారెక్కినప్పుడల్లా బెల్టులు పెట్టుకున్నారా అని మూడుసార్లు అడుగుతానని మీరు వెక్కిరిస్తారు. వెక్కిరించండి, పరవాలేదు. మన రోడ్డు చివర తెల్ల గ్యారేజి ఉన్న ఇల్లుంది చూశారా, అందులో ఒకప్పుడు తొమ్మిదిమంది ఉండేవాళ్ళు. వాళ్ళ కథ మీరెప్పుడూ వినలేదు. అప్పటికి మీరింకా పుట్టలేదు. ఇప్పుడు వినండి, ఆ తర్వాత వెక్కిరించాలనిపిస్తే వెక్కిరించండి.

ఆ ఇంటాయన పేరు డెల్మర్. ఈ ఊళ్ళో సగంమంది లాగే ఆయనా మోటర్‌హోమ్‌లు కట్టే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చక్రాల మీద ఇళ్ళు కట్టడంలో ఆయన వంతు నేలలు వేయడం. పొద్దున్నే అయిదింటికి పనిలోకి దిగితే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా ఇల్లు చేరేవాడు. సాక్సుల నిండా రంపపు పొట్టుతో వచ్చి, గుమ్మంలోనే దులుపుకుని, వంటింట్లో నిలబడే భోంచేసేవాడు. ఇరవై మూడేళ్ళలో ఎన్ని వేల బళ్ళకి నేల వేశాడో ఆయనకే గుర్తులేదు. వాటిలో ఒక్కదాన్లోనూ ఆయన ఒక్క రాత్రి పడుకోలేదు.

భార్య వెర్డా బడి వంటింట్లో పనిచేసేది. పిల్లలు ఏడుగురు. పెద్దది జోలీన్, పదిహేడేళ్ళది. దాని తర్వాత టైటస్, పదిహేనేళ్ళకే తలుపుకమ్మీ తగిలేంత పొడుగు. తర్వాత పదకొండేళ్ళ రోడా. దాని కింద తొమ్మిదేళ్ళ కవలలు, ఆరేళ్ళ డోర్కస్, అందరికంటే చిన్నవాడు నాలుగేళ్ళ ఎజ్రా.

నవంబరులో డెల్మర్ కడుపులో రాచపుండు బయటపడింది. "వచ్చే ఆకులు రాలే కాలం దాకా ఉండొచ్చు," అన్నాడు డాక్టరు. ఆ మాట వెర్డాకీ డెల్మర్‌కీ మాత్రమే తెలుసు. పిల్లలకి నాన్న ఒంట్లో బాగాలేదని తెలుసు, అంతే. మందులు పడిన వారం ఆయన మంచం దిగేవాడు కాదు. మిగతా వారాలు మామూలుగానే పనికెళ్ళేవాడు.

జులైలో ఇక్కడ ఫ్యాక్టరీలన్నీ రెండు వారాలు మూసేస్తారని మీకు తెలుసుగా. ఏడాది పొడుగునా ఇతరుల కోసం బళ్ళు కట్టినవాళ్ళంతా ఆ రెండు వారాలూ తమ బళ్ళెక్కి ఊరొదిలిపోతారు. అంతకు ముందు ఎవరూ కదలరు. ఆ జులైకి సొంత బండి కొని, పిల్లలందరినీ పడమటి సముద్రం దాకా తీసికెళ్ళాలని డెల్మర్ అనుకున్నాడు. దానికి ప్లాను ఎంచుకోవడం ఫిబ్రవరిలో మొదలుపెట్టాడు.

కాగితం మీద ప్లాను చూసి బండి కొనేవాళ్ళు ఈ ఊళ్ళో అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. గ్యారేజిలోంచి కార్లు బయటపెట్టి, నేల ఊడ్చి, నీలం టేపుతో ప్లాను మొత్తాన్నీ అసలు కొలతలతో నేల మీద అంటిస్తారు. మంచాలు, పొయ్యి, బాత్రూము, తలుపు, అన్నీ. తర్వాత ఇంటిల్లిపాదీ బూట్లు విప్పి, తలుపు గుర్తుపెట్టిన చోటునుంచే లోపలికెళ్ళి, ఒక్కో మంచంలో ఒక్కొక్కరు వెల్లకిలా పడుకుంటారు. ఆ బండి కొంటే ఎవరు ఏ మంచంలో నిద్రపోతారో, అక్కడ వాళ్ళ వీపు కింద సిమెంటు వెచ్చబడుతుంది. వెచ్చబడకపోతే ఆ మంచం వాళ్ళది కాదు, లేచి ఇంకోటి చూసుకోవాలి. పాలు తోడేస్తే పెరుగెందుకవుతుందని మనం అడుగుతామా? ఇదీ అంతే. టేపు మంచిదై ఉండాలి, మూలలు సరిగ్గా కలవాలి అంటారు, అంతకు మించి ఎవరూ ఏమీ అనరు.

బళ్ళమ్మే మెర్ల్ డెల్మర్ సొంత తమ్ముడే. మొదటి ప్లాను తనే తెచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ దగ్గరుండి అంటించాడు.

"వదినా, చూశావా? పదిమంది పడుకోవచ్చు. పది!"

"ఎవరి మీద ఎవరు?" అంది వెర్డా.

పిల్లలు సాక్సులతో జారుకుంటూ లోపలికెళ్ళారు. ఎడంపక్క ఒకదాని మీద ఒకటిగా ఉండే మంచాలు నేల మీద పక్కపక్కనే అంటించి ఉన్నాయి. టైటస్ పడుకోగానే వాడి కాళ్ళు గీత దాటి పొయ్యి దగ్గరకొచ్చాయి.

"నా కాళ్ళు వంటింట్లో ఉన్నాయి," అన్నాడు వాడు.

"మంచిదేలే, నీ సాక్సుల్తో సూపు చిక్కబడుతుంది," అంది జోలీన్.

"నాది వెచ్చగైంది! నాది వెచ్చగైంది!" అని ఎజ్రా అరిచాడు.

"పోసుకున్నావేమో చూసుకో," అన్నాడు కవలల్లో ఒకడు.

ఒక్కొక్కరే వెచ్చబడ్డామని చెప్పారు. వెనక గదిలో పెద్ద మంచంలో కుడివైపు డెల్మర్ పడుకున్నాడు. గుండె మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పిల్లలందరి కంటే ఎక్కువసేపు ఉన్నాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"వంటగట్టు ఇరుకు. ఇది వద్దు," అన్నాడు.

రెండో ప్లానుకి బాత్రూము తలుపు మంచానికి తగులుతుందన్నాడు. మూడోదానికి, బండి ఆపాక చోటు కోసం పక్క గోడ బయటికి జరుగుతుంది, అలాగైతే చెట్ల కింద ఆపలేమన్నాడు. నాలుగోదానికి నేలలో అతుకు తప్పుచోట ఉందన్నాడు. అయిదోదానికి కారణమేమీ చెప్పకుండా, మోచేత్తో ముఖం తుడుచుకుని వద్దన్నాడు. పిల్లలకి విసుగొచ్చింది. మోకాళ్ళకి సిమెంటు గీరుకుపోయింది.

"నాన్నకి నచ్చాలంటే బండిలో చర్చి కూడా పట్టాలి," అని కవలలు గొణిగారు.

ఇన్ని ప్లానుల్లోనూ వెర్డా ఒక్కసారీ పడుకోలేదు. "నాకెక్కడైనా నిద్ర పడుతుంది, పొయ్యి మీద నూడుల్సున్నాయి," అని వెళ్ళిపోయేది. ఆరో ప్లాను అంటించింది ఒక ఆదివారం. చర్చినుంచి వచ్చి, భోజనాలై, పిల్లలు అంట్లు తోముతున్నారు. డెల్మర్ ఇంకా రాలేదేమని వెర్డా గ్యారేజిలోకి వచ్చింది. ఆయన కుడివైపు పడుకుని ఉన్నాడు. ఎడంవైపు ఖాళీగా ఉంది. ఆమె చెప్పులు విప్పి, తలుపులోంచే వచ్చి, చర్చి గౌనుతోనే ఆయన పక్కన పడుకుంది.

వీపు కింద అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె పళ్ళెంలా వెచ్చబడింది. ఆమెకి నవ్వొచ్చింది. ఆ విషయం చెబుదామని ఆయన వైపు చెయ్యి చాపింది. చెయ్యి ఆయన భుజం పక్కన నేలకి తగిలింది. బయట మంచులో పెట్టిన ఇనుములా ఉంది.

"డెల్మర్."

"ఊఁ."

"నీ వైపు..."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటి ప్లాను నుంచీ."

"మరి వంటగట్టు ఇరుకన్నావు?"

"ఇరుకే. నిజంగానే ఇరుకు." ఆయన పైకప్పు వైపే చూస్తున్నాడు. "ఇంకో ప్లానులో ఉంటుందేమో అనుకున్నాను, వెర్డా. ఏదో ఒకదాన్లో. ఇన్ని వేల బళ్ళకి నేల వేశాను కదా, నాకు ఆరడుగులు ఒక్కదాన్లోనైనా ఉండదా అని."

లోపల్నుంచి గిన్నెల చప్పుడూ, జోలీన్ ఎవరినో కసురుకోవడమూ వినబడుతున్నాయి. వెర్డా మోచేతి మీద లేచింది.

"ఇటు రా. నా వైపు పడుకో."

"వెర్డా..."

"రా అంటున్నానా!"

ఆయన నెమ్మదిగా దొర్లి ఆమె చోటికి వచ్చాడు. అంత వేడీ దీపం ఊదినట్టు పోయింది. ఆమె ఆయన చోట పడుకుంది. ఆ ఇనుములాంటి నేల ఆమె వీపు తగలగానే వెచ్చబడటం మొదలుపెట్టింది. ఎటు పడుకున్నా ఆమెకి వెచ్చగానే ఉంది. ఆమె భరించలేకపోయింది దాన్నే. దిగ్గున లేచి, మంచం చుట్టూ ఉన్న టేపుని రెండు చేతులా పీకేసింది.

"డాక్టరు ఆకులు రాలే కాలం అన్నాడు. జులై అంతకంటే ముందేగా వస్తుంది."

"డాక్టరు ఈ ఊరివాడు కాదులే," అన్నాడు డెల్మర్.

"అయితే నేనూ రాను. ఏ బండీ వద్దు. ఎక్కడికీ వద్దు."

"నువ్వు రానిదానివే అయితే నీ చోటు చల్లబడాలి. తాకి చూడు."

ఆమె తాకలేదు. చేతుల్లో ఉండచుట్టుకుపోయిన టేపుతో అక్కడే నిలబడింది. కాసేపటికి ఎజ్రా వచ్చి, "అమ్మా, ఆ బంతి నాకిస్తావా?" అని అడిగాడు. ఇచ్చేసింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో బండి మాట ఎత్తినవాళ్ళు లేరు. మెర్ల్ ఫోను చేస్తే వెర్డా ఉప్పూ కారం లేని జవాబులు చెప్పి పెట్టేసేది. బడిలో రెండొందలమందికి వండుతూ ఉప్పు రెండుసార్లు వేసింది. రాత్రి పక్క మీద డెల్మర్ పడుకున్నాక, ఆయన కింద పరుపు వెచ్చగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవడం అలవాటైంది. వెచ్చగానే ఉండేది. ఇంటి మంచం ఇంకా ఆయన్ని కాదనలేదు.

బండి మాట మళ్ళీ తెచ్చింది రోడా. ఆ పిల్లకి లెక్కంటే ప్రాణం. బడి వాళ్ళు ఎక్కడికి తీసికెళ్ళినా బస్సులో తలలు లెక్కపెట్టేది టీచరు కాదు, రోడా. ఇంట్లో మూలపడ్డ ఆరు ప్లాను కాగితాలూ ముందేసుకుని, కింద చీమల్లాంటి అక్షరాలు చదివింది. మర్నాడు మెర్ల్ వచ్చినప్పుడు ఆ కాగితాలు ఆయన ముందు పరిచింది.

"బాబాయ్, ఇక్కడ పడుకోవడానికి పదిమందికి చోటుందని రాశారు."

"ఉంది కదమ్మా."

"బెల్టులు ఏడే అని కూడా రాశారు. దీన్లో ఆరే. మిగతావాళ్ళం బండి వెనక పరిగెత్తాలా?"

మెర్ల్ టోపీ పైకి జరిపి తల గోక్కున్నాడు. "ఇరవై ఏళ్ళుగా అమ్ముతున్నాను. ఇది ఎవరూ అడగలేదే!"

"ఇప్పుడు నేనడుగుతున్నాగా."

ఇది నిజంగా ఈ ఊరివాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. బళ్ళు కట్టేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, కొనేవాళ్ళూ అందరూ మంచాలే లెక్కపెడతారు. టేపు మీద పడుకుని చూస్తారు గానీ కూర్చుని చూసినవాళ్ళు లేరు. మెర్ల్ తను బళ్ళు నిలిపే స్థలమంతా వెతికి, చివరి వరసలో ఒక బండి పట్టుకుని, దాని ప్లాను తెచ్చాడు. ముందు రెండు సీట్లు, భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా నాలుగు, సోఫాలో మూడు. తొమ్మిది బెల్టులు. ముప్పై రెండడుగుల పాత తరహా ప్లాను, ఎవరూ అడక్క మూలపడి ఉంది.

దాన్ని అంటించింది కూడా రోడానే. మార్చి నెల, మంచు సగం కరిగి గ్యారేజిలోకి బూట్లతో వచ్చిన నీళ్ళు నేలంతా మరకలు మరకలుగా ఉన్నాయి. ఆ పిల్ల వాటిని గోనెతో ఒత్తి ఒత్తి ఆరబెట్టి టేపు వేసింది. అందరినీ పిలిచింది. వెర్డా రానని గుమ్మంలోనే నిలబడింది. డెల్మర్ అలవాటుగా వెనక గదివైపు నడిచాడు.

"నాన్నా, అటెక్కడికి? పడుకునేది బండి ఆగాక. ముందు కూర్చోవాలి కదా!"

డెల్మర్ ఆగిపోయాడు. వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు.

"ఎక్కడ కూర్చోమంటావు?"

"బండి నువ్వు కాకపోతే ఎవరు నడుపుతారు? ఎజ్రానా?"

"నేను నడుపుతా!" అని ఎజ్రా వంటింట్లోంచి పెద్ద గిన్నె మూత పట్టుకొచ్చాడు. స్టీరింగు కోసం. టైటస్ దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని నాన్నకిచ్చాడు.

డెల్మర్ ముందు ఎడంపక్క నీలం చదరంలో చతికిలబడ్డాడు. కాళ్ళు చాపి మూత పట్టుకున్నాడు. పిల్లలు ఎవరి చదరంలో వాళ్ళు కూర్చుని నడుం దగ్గర లేని బెల్టులు బిగించుకున్నారు. రోడా నిలబడి పేర్లు చదువుతోంది. అయిదో పేరు దగ్గర ఆగిపోయింది.

"నాన్న కింద పొగలొస్తున్నాయి," అంది డోర్కస్.

ఇంకా తడి వదలని నేల ఆయన చుట్టూ ఆరుతోంది. ప్యాంటు అంచులనుంచి, సాక్సుల కిందనుంచి, సన్నగా ఆవిరి లేస్తోంది. డెల్మర్ మూత ఒళ్ళో పెట్టుకుని అరచెయ్యి నేలకానించాడు. తీశాడు. మళ్ళీ ఆనించాడు. తల తిప్పి గుమ్మం దగ్గరున్న వెర్డా వైపు చూసి నవ్వాడు. నవంబరు తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"నాన్నదీ అయింది!" అని కవలలు చప్పట్లు కొట్టారు. వాళ్ళకి తెలిసింది అంతే.

పిల్లలు మంచాలు కూడా చూసుకుని, అందరికీ వెచ్చబడ్డాయని కేకలేసుకుంటూ లోపలికి పోయాక, వెర్డా వచ్చి ఆయన్ని చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసికెళ్ళింది. పడుకోమంది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కింద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.

"కూర్చుంటావు," అంది ఆమె. "పడుకోవు."

"పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలన్నమాట."

"పడమటి సముద్రానికి నాలుగు రోజుల దారి, డెల్మర్."

"సరస్సుకి గంటన్నర." ఆయన లేచి కూర్చున్నాడు. "ఆ మిషిగన్ సరస్సుకి అవతలి ఒడ్డు కనబడదు కదా. ఎజ్రాకి అదే సముద్రం."

మర్నాడు వెర్డా మెర్ల్‌ని పిలిచి బండి ఏప్రిల్లోనే కావాలంది.

"ఏప్రిల్లోనా? నీకేమైనా పిచ్చా వదినా? ఒడ్డున మంచు కూడా కరిగి ఉండదు. పైగా ఫ్యాక్టరీలో ఊపిరి సలపని రోజులు, అన్నయ్యకి సెలవెవరిస్తారు? జులై దాకా ఆగితే..."

"జులై దాకా ఆగం, మెర్ల్."

మెర్ల్ ఆమె ముఖం చూశాడు. గ్యారేజి తలుపు తెరిచే ఉంది. ఆయన కళ్ళు వెనక గది టేపు దాకా వెళ్ళి ఆగాయి. ఆయన ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. టోపీ తీసి చేతిలో నలుపుకున్నాడు.

"ట్యాంకు నింపి పంపిస్తాను," అన్నాడు.

ఏప్రిల్ రెండో శనివారం బయల్దేరారు. రోడా సీట్ల మధ్య నిలబడి పేర్లు చదివింది. ఒక్కో పేరుకి ఒక్కో బెల్టు టక్కుమంది. "తొమ్మిది," అని తనూ కూర్చుని పెట్టుకుంది. డెల్మర్ బండిని వాకిట్లోంచి మలుపు తిప్పిన తీరు మెర్ల్ ఇప్పటికీ చెబుతాడు. ముప్పై రెండడుగుల బండి ఉత్తరాల డబ్బాకి బెత్తెడు దూరంలో పోయిందట. ఇన్నేళ్ళూ ఆయన ఈ బళ్ళ నేలలే చూశాడు గానీ, నడిపేవాళ్ళకి కనబడే దారి చూడలేదు. అద్దం పొడుగునా ఆకాశం ఉంది.

దారిలో పిల్లలు చర్చిలో పాడినట్టే నాలుగు గొంతులుగా విడిపోయి పాడారు. టైటస్ గొంతు మధ్యలో కీచుమంటే కవలలు పొట్టలు పట్టుకున్నారు. సరస్సు దగ్గర గాలి చెవులు కోసేస్తోంది. ఇసుక తిన్నెల నీడల్లో ఇంకా మురికి మంచు ఉంది. కోట్లు తొడుక్కునే పరిగెత్తారు. వెర్డా పొయ్యి వెలిగించి నూడుల్సు వండింది. వంటగట్టు ఇరుకుగానే ఉంది.

ఎజ్రా నీళ్ళలో వేలు పెట్టి చప్పరించాడు. "నాన్నా, సముద్రం ఉప్పగా లేదేం?"

"అమ్మ ఇంకా ఉప్పు వెయ్యలేదు," అన్నాడు డెల్మర్.

"ఈ మధ్య రెండుసార్లు వేస్తోందిగా?" అంది జోలీన్. అందరూ నవ్వారు, వెర్డా కూడా నవ్వింది.

మధ్యాహ్నానికి డెల్మర్ పెదవులు తెల్లబడ్డాయి. బల్ల దగ్గర కూర్చుని గోడకి తలానించాడు.

"నాన్నా, కాసేపు వెనక నడుం వాల్చు," అంది జోలీన్.

"నిద్ర రాదులేమ్మా."

వెర్డా చేతులు తుడుచుకుంది. వెనక గదిలోకి వెళ్ళింది. కోటుతోనే, మందపాటి కంబళి కప్పుకుని, పెద్ద మంచంలో కుడివైపు పడుకుంది. ఆయన వైపు. ముఖం గోడకి తిప్పుకుని, ఒళ్ళంతా దగ్గరికి ముడుచుకుని, అరగంట కదలకుండా ఉంది. తర్వాత లేచి, కంబళి కొస పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది.

"రా."

"వెర్డా, టేపు..."

"టేపు సంగతి నాకు తెలుసు. ఇది టేపు వేడి కాదు, నాది. చల్లారిపోకముందే పడుకో."

ఆయన ఆమె లేచిన గుంటలోనే పడుకున్నాడు. ఆమె కంబళి చుట్టూ దోపి, మంచం అంచున కూర్చుంది. బయటికి చూస్తే పిల్లలు ఏడుగురూ ఆటలాపి కిటికీల కింద నిలబడి ఉన్నారు. ఎవరు చెప్పారో ఏమో, ఎవరూ చప్పుడు చెయ్యడం లేదు. గాలి బండిని ఉయ్యాల్లా కొద్దికొద్దిగా ఊపుతోంది. కాసేపటికి ఆయన నోరు తెరుచుకుంది. సన్నగా గురక మొదలైంది. ఇరవయ్యేళ్ళుగా ఆ గురకకి ఆయన్ని మోచేత్తో పొడిచిన వెర్డా, చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది.

ఆయన లేచాక రోడా తలుపులోంచి తల లోపలికి పెట్టింది.

"ఇరవై నిమిషాలు," అంది. చేతికి గడియారముంది.

పొద్దు వాలకముందే ఇల్లు చేరారు. డెల్మర్ ముందద్దం శుభ్రంగా తుడిచి, తాళాలు వెర్డా చేతిలో పెట్టాడు.

మే నెలలో, లైలాక్ పూలు పూసిన వారంలో, తన ఇంట్లో తన మంచంలో ఆయన పోయాడు. చర్చివాళ్ళు వచ్చి రోజంతా పాడారు. పద్దెనిమిది గిన్నెల్లో వండుకొచ్చిన తిండి బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఎజ్రా మాత్రం నాన్న బండిలో ఉన్నాడేమోనని రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు.

జులై వచ్చింది. ఫ్యాక్టరీలు మూశారు. తెల్లారేసరికి రోడ్డంతా బళ్ళే. పిల్లలు వరండా మెట్ల మీద కూర్చుని ఒక్కో బండినీ చూస్తున్నారు, వాటిలో ఒక్కదాని మోడలు పేరైనా ఎవరూ పైకి అనడంలేదు. మెర్ల్ వచ్చి టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"వదినా, బండి నేను వెనక్కి తీసుకుంటాను. నువ్వు వ్యాను తప్ప ఇంకోటి నడపలేదు. దాన్ని చూస్తుంటే నీకు మాత్రం ఏం సుఖం?"

"సరే మెర్ల్. తాళాలు లోపలున్నాయి. నాలుగు నిమిషాలుండు, ఆ టేపు కూడా పీకేస్తాను. దాన్నీ చూడలేకపోతున్నాను."

గ్యారేజిలో మార్చినాటి టేపు వెలిసిపోయి, బూటు మరకలతో నేలకి అతుక్కుపోయి ఉంది. వెనకనుంచి మొదలుపెట్టింది. పెద్ద మంచం పీకింది. కవలల మంచాలు పీకింది. టైటస్ మంచం పీకింది. ఒక్కో మంచం దగ్గరా ఆ రోజు పిల్లలు పెట్టిన కేకలు గుర్తొచ్చాయి. అందరికీ వెచ్చబడింది. అందరికీ. బల్ల దగ్గరికొచ్చేసరికి ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆ ఏడుగురూ ఈ బండిలో నిద్రపోతారని నేల చెప్పింది. ఒక్క రాత్రి కూడా పోలేదు ఇంకా. సరస్సుకి వెళ్ళిన రోజు పొద్దు వాలకముందే వచ్చేశారు. మరి వాళ్ళెక్కడికో వెళ్ళి పడుకోవాలంటే బండి తనంతట తాను పోదు కదా. ఎవరు నడుపుతారు? ఈ ఒక్క మాట ఇన్ని నెలలుగా తను అడగలేదు.

ఆమె ముందు ఎడంపక్క చదరం దగ్గరికి పాకింది. చేతిలో టేపుతోనే దానిలో కూర్చుంది. గౌను గుండా సిమెంటు చల్లగా జివ్వుమంది. జులైలో కూడా ఆ మూల చలి పోదు. కళ్ళు మూసుకుంది. ఏమీ లేదు. లేద్దామని చెయ్యి నేలకానించింది. అప్పుడు అరచేతి కింద, గిన్నె అడుగున నీళ్ళు కాగడం మొదలైనట్టు, నెమ్మదిగా మొదలైంది. అది తనదో, ఆయన వదిలి వెళ్ళిందో ఆమెకి తెలియలేదు. వేడి మోకాళ్ళ దాకా వచ్చేవరకూ అలాగే కూర్చుని, నవంబరు నుంచి దాచుకున్నదంతా ఏడ్చింది.

బయటికొచ్చేసరికి మెర్ల్ తాళాలతో నిలబడి ఉన్నాడు. ఆమె చెయ్యి చాపింది.

"ఇటివ్వు. దీన్ని వెనక్కెలా తిప్పాలో చూపించి వెళ్ళు."

ఆ మొదటి పాఠంలో ఉత్తరాల డబ్బా పోయింది. మెర్ల్ ఇప్పటికీ అది కూడా చెబుతాడు.

మూడో రోజు పొద్దున రోడా సీట్ల మధ్య నిలబడి పేర్లు చదివింది. జోలీన్ ముందు కుడిపక్క, అమ్మ కూర్చునే చోట కూర్చుంది. టక్కు, టక్కుమని బెల్టులు పడ్డాయి. "ఎనిమిది," అంది రోడా. సోఫాలో కిటికీ పక్కన ఒక చోటు ఖాళీ. ఆ బెల్టు ఊరికే వేలాడుతుంటే దారంతా గోడకి కొట్టుకుంటుందని, రోడా వంగి దాన్ని కూడా పెట్టింది. టక్కుమంది. వెర్డా వెనక కనబడే అద్దంలో చూసింది. బండి కదిపింది. నాలుగు రోజుల తర్వాత ఎజ్రా పడమటి సముద్రంలో వేలు పెట్టి చప్పరించి, "ఇప్పుడు వేశావు," అన్నాడట వాళ్ళమ్మతో.

ఇదీ కథ, పిల్లలూ. మీకు పిల్లలు పుట్టాక, వాళ్ళని ఎక్కడికైనా తీసికెళ్ళేముందు ఇది చెప్పండి. పేర్లు మరిచిపోతే పరవాలేదు, వేరే పేర్లు పెట్టుకోండి. బండి ఎన్నడుగులో తప్పు చెప్పినా ఎవరూ పట్టుకోరు. ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఒక్క నిమిషం కూడా తగ్గించకండి. నేలకి తెలియకుండా జరిగింది అదొక్కటే.